విశాఖ వేధశాలాధిపతి అంకితము వెంకట నరసింగరావుగారు

ఆంధ్రదేశమున దూరదర్శినితో ఆకాశమును పరిశీలించి, తమ కొలతలను సీమలోని విద్వత్సభలకు పంపి మెప్పువడసిన తొలితరమువారిలో విశాఖపట్టణ వాస్తవ్యులైన అంకితము వెంకట నరసింగరావుగారు అగ్రగణ్యులు. వారు జన్మించినది 1827వ సంవత్సరమున; కీర్తిశేషులైనది 1892వ సంవత్సరమున. ఆంగ్ల పత్రికలయందు వారి పేరు నర్సింగ్ రో అని అచ్చుపడి యుండుటచే, ఎవరో పరదేశీయుడనుకొని పుట త్రిప్పివేయువారే మనలో ఎక్కువ. తెలుగువాని పేరు తెలుగువానికే తెలియకుండ పోవుటకు ఒక్క అక్షరపు వంకర చాలును.

వారి చరిత్రము చెప్పబూనినచో ముందుగా మామగారి చరిత్రము చెప్పవలసియున్నది. గోడే వెంకట జగ్గారావుగారు (1817–1856) విశాఖ ప్రాంతపు జమీందారీ వంశమున బుట్టినవారు. యౌవనమున మద్రాసునకు బోయి, అచ్చటి కుంపినీవారి వేధశాలకు అధిపతిగానుండిన టి.జి. టేలరుగారియొద్ద గణితమును, ఖగోళమును అభ్యసించిరి. పిదప స్వస్థలమునకు మరలి, 1840 ప్రాంతమున తమ సొంత ద్రవ్యముతో ఒక వేధశాలను నెలకొల్పిరి. నేడు డాబాగార్డెన్సు అని పిలువబడు తావున అది యుండెడిది. ఆ కాలపు జమీందారుల ద్రవ్యము సాధారణముగా ఏ దారులం బోయెడిదో ఎల్లరెరిగినదే: దాయాదుల వ్యాజ్యములు, ఏనుగులు, మేజువాణీలు. అట్టి కాలమున ఒక జమీందారు కంచుగొట్టమునకును గాజుబిళ్లకును, సెకండు తప్పని గడియారమునకును ధనము వెచ్చించుట వింతయే. ఆయన 39 ఏండ్ల వయసుననే గతించెను.

నరసింగరావుగారు జగ్గారావుగారి కుమార్తె అచ్చయ్యమ్మగారిని పెండ్లియాడియుండిరి. అప్పటికి వారు ప్రభుత్వోద్యోగమున నుండిరి. మామగారి అనంతరము, ఎస్టేటు వ్యవహారములును వేధశాలయు దిక్కులేనివి కాగా, ఉద్యోగమును వదలుకొని ఆ రెండు భారములను తలకెత్తుకొనిరి. దొరతనమువారి కొలువనిన పిల్లనిచ్చువారు క్యూకట్టు రోజులవి. ఎస్టేటు కొరకు కొలువు మానినవారు మరికొందరుండవచ్చును. నక్షత్రముల కొరకు మానినవారు అరుదు. పుట్టింటి సొమ్మును అచ్చయ్యమ్మగారు ఇట్టి పనికి ఆటంకములేక సాగనిచ్చుటయు చెప్పుకొనదగినదే.

జ్యోతిశ్శాస్త్రము సిద్ధాంతము, సంహిత, హోర అని మూడు స్కంధములుగా నున్నదని వరాహమిహిరుని నాటినుండి వాడుక. లోకులకు కావలసినది మూడవది. చుక్కలు చూచువాడు ఊరిలో నున్నాడని వినగానే జనము చేయి చాచి నిలుచుందురు. నరసింగరావుగారిది మొదటి స్కంధము మాత్రమే. చుక్క మధ్యాహ్నరేఖను దాటు క్షణమును దూరదర్శినిలోని సన్నని దారమువద్ద కనిపెట్టి, దానిని బట్టి గడియారమును సరిజూచుట, ఆ కాలమును ఫిరంగి మ్రోతచే పట్టణమునకును, రేవులోని ఓడలకును తెలియజేయుట, ఎండ, వాన, గాలి, వాయుభారము ప్రతిదినమును పట్టికలో వ్రాసియుంచుట — ఇదియే వారి నిత్యకృత్యము. ఓడవానికి కాలము తప్పినచో సముద్రమున తానున్న రేఖాంశము తప్పును. నాలుగు సెకండ్ల తప్పునకు ఒక కల, అనగా భూమధ్యరేఖ దగ్గర ఒక నాటుమైలు చొప్పున. ఆ ఫిరంగి మ్రోత విని ఇంటిలో గడియారము దిద్దుకొన్నవానికి ఈ సంగతి తెలియదు. తెలియవలసిన పనియు లేదు.

ఇచట గణితపు ఖచ్చితమును గూర్చి కొంత చెప్పవలెను. మన సూర్యసిద్ధాంతపు సంవత్సరము నిజమైన నాక్షత్ర సంవత్సరముకన్న దాదాపు మూడున్నర నిమిషములు ఎక్కువ. మూడున్నర నిమిషములనగా తాంబూలము వేసికొనునంత కాలము. ఒక మనుష్యుని జీవితమున దానివలన బాధలేదు. కాని నిలువలోని తప్పు ఏటేట పై ఏటికి ఎగబ్రాకును. 1500 ఏండ్లకు అది మూడున్నర దినములు దాటును. అట్లని మనవారి గణితమును తేలికచేయరాదు. ఫ్రాన్సుదేశపు లజాంతీ అను జ్యోతిష్కుడు పుదుచ్చేరిలో ఒక తమిళ గణకునివద్ద, గవ్వలు పేర్చి గ్రహణము కట్టు విధానమును తెలిసికొనెను. 1765 ఆగస్టు 30వ తేది చంద్రగ్రహణపు నిడివి ఆ లెక్కలో 41 సెకండ్లు తక్కువ వచ్చెను. ఐరోపాలో అప్పటికి శ్రేష్ఠమైన తోబియాస్ మయ్యరు పట్టికలలో 68 సెకండ్లు ఎక్కువ వచ్చెను. గవ్వలవాడే గెలిచినాడు. ఐతే అది ఒక్క గ్రహణమున గెలుపు మాత్రమే. మయ్యరు వెనుకనున్న న్యూటను సిద్ధాంతము తప్పును దిద్దుకొను ఉపాయము గలది. గవ్వల వాక్యములకు ఆ ఉపాయము లేదు. తేడా యంతయు ఇందేయున్నది.

నరసింగరావుగారి జీవితమున 1868వ సంవత్సరము ముఖ్యమైనది. ఆ యేటి ఆగస్టు 18వ తేదిని సంపూర్ణ సూర్యగ్రహణపు ఛాయ పడమటి తీరమున ప్రవేశించి గుంటూరు, మచిలీపట్టణముల మీదుగా బంగాళాఖాతమున కలిసెను. ఛాయ ఏ యూరిమీద ఏ నిమిషమున పడునో ఏండ్ల ముందుగనే గణింపబడియుండెను. దానిని నమ్మి సీమనుండియు, ఫ్రాన్సునుండియు పండితులు ఓడలెక్కి వచ్చిరి. గుంటూరునకు టెన్నెంటు దొరయు, ఫ్రెంచి విద్వాంసుడు జాన్సెనుగారును వచ్చిరి. మద్రాసు వేధశాలాధిపతి పోగ్సనుగారు మచిలీపట్టణమునకు బోయిరి. విశాఖలో నరసింగరావుగారు తమ దూరదర్శినితో గ్రహణమును పరిశీలించిరి. గణితము తప్పలేదు. కాని ఆ దినమున దొరికిన అసలు ఫలము గణితములో నున్నది కాదు. సూర్యబింబపు అంచున లేచు ఎఱ్ఱని జ్వాలలను వర్ణపటములో చూడగా, ఒక పసుపుపచ్చని రేఖ కనబడెను. అది ఉప్పులోని సోడియపు రేఖ కాదని క్రమముగా తేలెను. భూమిపై నెవ్వరును ఎరుగని మూలద్రవ్యమని ఊహించి దానికి హీలియము అని పేరుపెట్టిరి. 1895లో రామ్సే దానిని భూమిమీద పట్టినదాక ఆ ఊహ ఊహగానే యుండెను. ఛాయ వచ్చు క్షణమును చెప్పగలిగిన విద్య, ఛాయలో ఏమి కనబడునో చెప్పలేకపోయినది.

అదే సంవత్సరము నవంబరు 5వ తేదిని బుధుడు రవిబింబము మీదుగా దాటెను. దీనిని సంక్రమణమందురు కాని, పంచాంగములోని మకర సంక్రమణమువంటిది కాదు. సూర్యునికిని మనకును నడుమగా బుధుడు నడచుచు, బింబముపై నల్లని చుక్కగా కనబడుట. ఆ చుక్క వెడల్పు రవిబింబపు వెడల్పులో 200వ వంతు మాత్రమే. దూరదర్శిని లేక కనబడదు. విశాఖలో అది పగటి నడిమివేళ జరిగినది. నరసింగరావుగారు బుధుడు బింబపు అంచును తాకిన కాలములను గుర్తించి, లండనులోని రాజకీయ జ్యోతిష్క సంఘమువారికి పంపగా, వారి పత్రికలో అచ్చుపడెను.

అంత చిన్న చుక్కకు అంత పట్టుదల యెందుకని అడుగవచ్చును. దాని వెనుక పెద్ద వివాదమొకటి యుండెను. 1846లో పారిసు నగరపు లెవెరియే అను గణితవేత్త, యురేనస్ గ్రహము తన దారినుండి కొంచెము తొలగుటను చూచి, దానిని లాగుచున్న మరియొక గ్రహముండవలెనని గణించి, అది ఆకాశమున ఎచ్చట నున్నదో బెర్లినునకు జాబు వ్రాసెను. సెప్టెంబరు 23వ తేదిని, జాబు అందిన రాత్రియే గాల్లే అను నాతడు చెప్పినచోటికి ఒక భాగలోపున నెప్ట్యూనును కనుగొనెను. కంటితో చూడక కలముతో గ్రహమును పట్టిన ఘనత అది. ఆ లెవెరియేయే బుధునివద్ద ఓడిపోయెను. 1845లో ఆయన గణించిన బుధ సంక్రమణము 16 సెకండ్లు తప్పెను. పదునాఱు సెకండ్లే కదా యని మనమనుకొందుము. ఆయన యట్లనుకొనక, అచ్చునకు సిద్ధముగానున్న పట్టికలను ఆపుచేసెను. జమాబందీలో కాణీ తేడా వచ్చినచో రాత్రియంతయు దీపము పెట్టుకొని వెదకువాడు మాత్రమే ఆయన బాధ నెరుగును. 1697 నుండి 1848 వరకు జరిగిన సంక్రమణముల కొలతలనన్నిటిని తిరుగవేసి, 1859లో తేల్చినదేమనగా: బుధుడు సూర్యునికి మిక్కిలి దగ్గరగా వచ్చు బిందువు, మిగిలిన గ్రహముల ఆకర్షణనంతను లెక్కకట్టిన పిమ్మటను, నూరేండ్లకు 38 వికలలు అదనముగా ముందునకు జరుగుచున్నది. 1882లో అమెరికావాడగు న్యూకంబు దానిని 43 వికలలని దిద్దెను. భాగకు 3600 వికలలు. ఈ లెక్కను ఒక్క భాగ జరుగుటకు ఎనిమిదివేల మూడువందల ఏండ్లకు పైగా పట్టును. అంత స్వల్పపు తేడా ఎట్లు దొరికెననగా, బింబము మీద బుధుడు సెకండునకు వికలలో దాదాపు పదియవవంతు మాత్రమే నడచును. కనుక ఒక సెకండు సరిగా గుర్తించినవాడు వికలలో పదియవవంతు కొలిచినవాడగును. విశాఖలో గడియారము సరిగానుండుటకు ఇంత విలువ యున్నది.

నెప్ట్యూను విజయముచే ధైర్యము వచ్చి, బుధునికిని లోపల మరియొక గ్రహమున్నదని లెవెరియే ప్రకటించెను. దానికి వల్కను అని పేరును పెట్టిరి. ఒక పల్లెటూరి వైద్యుడు చూచితిననెను. గ్రహణములన్నిటియందు వెదకిరి. 1877లో లెవెరియే మరణించెను, వల్కను దొరకలేదు. లేనిది ఎట్లు దొరకును?

1871లో నరసింగరావుగారిని రాజకీయ జ్యోతిష్క సంఘమువారు సభ్యులుగా ఎన్నుకొనిరి. మరుసటి సంవత్సరము భూగోళ సంఘమువారును ఎన్నుకొనిరి. 1874 డిసెంబరు 9వ తేది శుక్ర సంక్రమణము. అప్పటికి వారు యార్కు పట్టణపు కుక్ కంపెనీ తయారుచేసిన 6 అంగుళముల దూరదర్శినిని తెప్పించియుండిరి. శుక్ర సంక్రమణము జంటలుగా వచ్చి, పిదప నూరేండ్లకు పైగా రాదు. సూర్యుని దూరమును నిర్ణయించుటకు అదియే మేలైన సాధనమని ఆనాటివారి నమ్మకము. ముందటి జంట కాలమున లజాంతీ పడిన పాట్లు చెప్పుకొనదగినవి. 1761లో యుద్ధమువలన పుదుచ్చేరి చేరలేక, నడిసముద్రమున ఊగులాడు ఓడమీదినుండి చూడవలసివచ్చెను. అచటినుండి కొలతలు పనికిరావు. ఎనిమిదేండ్లు ఈ ప్రాంతములందే కాచుకొని, 1769లో పుదుచ్చేరిలో వేధశాల కట్టుకొని కూర్చుండెను. ఆ నెలరోజులును తెల్లవారుజాములు నిర్మలముగానుండి, ఆ ఒక్క ఉదయమున మబ్బు క్రమ్మి, సంక్రమణము ముగిసిన వెంటనే వీడిపోయెను. శుక్రుడు ఏ నిమిషమున వచ్చునో ఎన్నడో తెలిసినది. మబ్బు మాట ముందురాత్రియైనను తెలియలేదు. విశాఖలో నరసింగరావుగారి అదృష్టము లజాంతీ అదృష్టముకన్న మేలు. వారి పరిశీలనములు సీమకు చేరి ప్రకటింపబడెను. కాని లోకమంతట జరిగిన ఆ మహాప్రయత్నపు ఫలితము మాత్రము ఆశించినంత లేదు. శుక్రుడు అంచును వీడు సమయమున నల్లని బొట్టువలె సాగి అంటుకొనియుండుటచే, ప్రక్కప్రక్కన కూర్చున్న ఇద్దరు సైతము ఒకే కాలమును వ్రాయలేకపోయిరి. గణితమున లేని కష్టము కంటియందు వచ్చినది.

1876 అక్టోబరు నెలలో విశాఖను తుపాను తాకెను. అదే నెలాఖరున వంగదేశమున బాకర్‌గంజి వద్ద మరియొక తుపాను ఉప్పెనతో లక్షలమందిని పొట్టబెట్టుకొనెను. ఆ రెంటిని గూర్చి ఎలియటుగారు మరుసటి సంవత్సరమే నివేదిక ప్రకటించిరి. దొరతనమువారి వాతావరణ శాఖ ఏర్పడినది అంతకు ముందటేడు 1875లోనే. 1864 నవంబరు 1వ తేది రాత్రి మచిలీపట్టణము మీదికి సముద్రము పొంగి 30,000 మందిని ముంచిన సంగతి ఇంకను జనులు మరువలేదు. అదే మచిలీపట్టణమున, నాలుగేండ్లకు, గ్రహణపు ఛాయ చెప్పిన నిమిషమునకు వచ్చి పోయినది. చనిపోయినవారి బంధువులు ఆ గ్రహణమును చూచి ఏమనుకొనిరో ఊహింపవచ్చును. ఆకాశమున కోట్ల మైళ్ల దూరమున జరుగునది సెకండ్లతో చెప్పువారు, ఇంటి ముంగిట సముద్రము వచ్చుచున్నదని ఎందుకు చెప్పలేకపోయిరి? ఇది మూర్ఖపు ప్రశ్న కాదు. విశాఖ వేధశాలలో దూరదర్శినియు బారోమీటరును ఒకే కప్పు క్రింద నుండెను. రెండును ఒకే ప్రకృతినియమముల నాశ్రయించి పనిచేయునవే. ఒకదానితో రాబోవు శతాబ్దపు సంక్రమణమును చెప్పవచ్చును. రెండవది పాదరసము దిగుచున్నప్పుడు, అనగా గాలివాన గుమ్మములోనికి వచ్చిన పిమ్మట మాత్రమే హెచ్చరించును. పట్టికలు వ్రాసి సరిపుచ్చుకొనుట తప్ప నరసింగరావుగారికి అప్పుడు వేరు మార్గము లేదు. వారు వ్రాయుట మానలేదు.

1881 నవంబరు 8వ తేదిని బుధుడు మరల బింబమును దాటెను. ఈసారి సూర్యోదయమునకు ముందే సంక్రమణము ఆరంభమైయుండుటచే, బయటపడుట మాత్రమే చూడగలిగిరి. 1882 సెప్టెంబరున, ఎవరి పట్టికలోను లేని మహాధూమకేతువొకటి పట్టపగలు సూర్యుని ప్రక్కన కనబడి లోకమును విభ్రాంతి పరచెను. 1892లో నరసింగరావుగారు పరమపదించిరి. 1894లో వేధశాల ప్రభుత్వమువారికి అప్పగింపబడెను. కుమారులు జగ్గారావుగారు తండ్రి త్రోవను విడువక ఆకాశపు ఛాయాచిత్రములు తీసినవారు. నేటికి ఆ తావున దుకాణములును, జనసమ్మర్దమును తప్ప దూరదర్శిని జాడ లేదు. పేరు మాత్రము మిగిలినది.

వారు కొలుచుటకు తోడ్పడిన ఆ 43 వికలల సంగతి వారు పోయిన 23 ఏండ్లకు తేలెను. 1915 నవంబరున ఐనుస్టీను, సూర్యుని సమీపమున దేశకాలములే వంగియున్నవని చెప్పి, క్రొత్త గ్రహమేదియు అక్కరలేక ఆ 43ను రాబట్టెను. తప్పు బుధునిది కాదు, వల్కనుది కాదు, న్యూటను సూత్రముదే. ఇన్నూరేండ్లు రాజ్యమేలిన సూత్రము తన హద్దును తానే చూపించినది వికలల లెక్కలో. సెకండ్లను అశ్రద్ధచేసినచో అది ఎన్నటికిని కనబడియుండదు.

బారోమీటరు సంగతి తేలుటకు ఇంకను కాలము పట్టెను. ఫ్రాన్సుదేశపు ప్వాంకారే, మూడు గోళములు ఒకదానినొకటి ఆకర్షించుకొనుచున్నచో, ఆరంభపు స్వల్పభేదము కాలక్రమమున మహాభేదమగునని 1890 ప్రాంతమున చూపెను. 1961లో అమెరికాలో లారెంజు అను వాతావరణ శాస్త్రజ్ఞుడు, యంత్రముచే వాతావరణమును గణించుచు, 0.506127 అను అంకెకు బదులు 0.506 అని వేసెను. కొంతసేపటికి రెండు లెక్కలకు పోలికయే లేకపోయెను. చిట్టాలో పైసలు కొట్టివేసినచో మొత్తమున పైసలే తేడా వచ్చును. గాలిలో కొట్టివేసినచో తుపానే తేడా వచ్చును. నియమము తప్పి కాదు, నియమము తప్పకుండుటవలననే. యంత్రము లెంత గొప్పవైనను, రెండు వారములకు మించి దినదిన వాతావరణమును నిర్ణయించి చెప్పుట సాధ్యము కాదని నేటి శాస్త్రజ్ఞుల అభిప్రాయము. ఆ రెండు వారములను సాధించుటయు సామాన్యము కాదు. తిరుపతికి సమీపమున గాదంకిలోని రాడారు మీది గాలులను రాత్రింబగళ్లు కొలుచుచున్నది. తుపాను తీరమును తాకుటకు దినములముందే ఊళ్లు ఖాళీచేయించు వ్యవస్థ నేడున్నది. 1864 నాటి మచిలీపట్టణమునకు అదియున్నచో ఎందరు బ్రతికెడివారో! ఐనను 2021 నవంబరున వాయుగుండము వచ్చుచున్నదని తెలిసియు, తిరుపతి వీధులలో ఎంత నీరు పారునో, రాయలచెరువు కట్ట నిలుచునో లేదో ముందుగా చెప్పినవారు లేరు.

ఆకాశముకూడ ఈ నియమమునకు వెలుపల లేదని ఇటీవల తెలిసినది. ఫ్రాన్సుదేశపు లస్కరుగారు 1989లో లోపలి గ్రహముల గతియు కోట్లకొలది ఏండ్లకు నిర్ణయాతీతమని చూపిరి. 2009లో ఆయన, ఆయన సహచరుడు, బుధుని కక్ష్యను మిల్లీమీటరులోపు తేడాలతో రెండువేల ఐదువందలకు పైగా లెక్కలుగా ముందునకు నడిపిరి. వానిలో నూటికి సుమారు ఒక లెక్కలో, 500 కోట్ల ఏండ్లలోపల బుధుని దారి మితిమీరి సాగినది. మిల్లీమీటరు తెలియనివాడు బుధుని అంత్యమును చెప్పలేడన్నమాట.

దగ్గరి లెక్కకు మాత్రము ఏ లోపమును లేదు. 2032 నవంబరు 13వ తేదిని, పగలు 12 గంటల 11 నిమిషముల వేళకు బుధుడు రవిబింబము అంచును తాకి, సాయంకాలము 4 గంటల 37 నిమిషములకు వెలుపలికి వచ్చును. తిరుపతి, చిత్తూరు ప్రాంతములవారికి ఆద్యంతము కనబడును, మబ్బు లేనిచో. నవంబరు మనకు వానకాలము. వట్టి కంటితో సూర్యుని చూడరాదు. దూరదర్శినితో బింబమును తెల్లకాగితముపై పడవేసి, ఆ చుక్కను పదిమందియు చుట్టు నిలిచి చూడవచ్చును.